నీరడి లేని చెరువు, కంది సాలు లేని చెలక (మన అన్నం చరిత్ర – 6)



పోయిన భాగంలో 1940ల నాటి లెవీ ధాన్యం గురించి రాశాను. పట్టణాల తిండి కోసమని నిజాం సర్కారు పల్లెల నుంచి ధాన్యం గుంజితే, దొరలు తమ వాటా తప్పించుకుని ఆ భారమంతా చిన్న రైతుల కల్లాల మీదికి తోసిన సంగతి. దాని కింద జగిత్యాలలో డిగ్రీ చదువుతున్న తమ్ముడొకరు ఇట్లా అడిగాడు: "అన్నా, అదంతా పాత కత. ఇప్పుడు మన దగ్గర వడ్లు ఆరబోయడానికి రోడ్లు సాల్తలేవు. గోదాములు నిండినయ్. ఇంక దేశానికి తిండి భద్రత అంటే ఏం తక్కువైంది?"

మంచి ప్రశ్న. రెండు మాటల్లో జవాబిస్తే సగం అబద్ధమవుతుంది. అందుకని ఈ భాగమంతా దానికే.

ముందు రెండు లెక్కలు చూడండి. 2014-15లో తెలంగాణలో సర్కారు కొన్న వడ్లు 24 లక్షల టన్నులు. 2020-21లో కొన్నవి 141 లక్షల టన్నులు. ఇది ఒక లెక్క. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత మన రాష్ట్రంలో 2019-20లో జరిగింది. దాని ప్రకారం 15 నుంచి 49 ఏండ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తం తక్కువ. ఆరు నెలలు దాటి ఐదేండ్లు నిండని పిల్లల్లో 70 శాతం మందికి తక్కువ. ఇది రెండో లెక్క. వడ్లు పెరిగినందుకే రక్తం తగ్గిందని నేను అనడం లేదు. రక్తహీనతకు కారణాలు చాలా ఉంటాయి. కాని గోదాము నిండింది కాబట్టి కంచం నిండిందనే మాట ఈ రెండో లెక్క ముందు నిలబడదు. ఆ రెండింటి మధ్య ఏం జరిగిందో తెలియాలంటే నేల దగ్గరికి పోవాలి. నేల దగ్గరికి పోతే అక్కడ కులం ఉంటుంది.

మా మల్యాల సంగతే తీసుకుందాం. ఒక పక్క కొండగట్టు గుట్టలు, వాటి కింద ఎర్ర చెలకలు, పల్లంలో ఒకదాని కింద ఒకటి చెరువులు, కుంటలు. పై చెరువు మత్తడి దుంకితే ఆ నీళ్లు కింది చెరువులోకి వచ్చేవి. కాలువ రాకముందు ఈ నేలకు మూడు అంతస్తులుండేవి. చెరువు కింద తరి, అక్కడ వరి. దాని పైన చెలక, అక్కడ పచ్చజొన్న, మక్క, కంది, అనుములు, పెసర్లు, నువ్వులు, ఆముదాలు. ఆ పైన గుట్ట, కంచె, బంచరాయి, అక్కడ గొడ్లు, జీవాలు.

చెలకలో ఒక్క పంటే ఉండేది కాదు. ఇన్ని సాళ్ల జొన్నకు ఒక సాలు కంది, నడుమ నడుమ అనుములు. జొన్న ముందు కోతకొస్తుంది, కంది చలికాలం దాటేదాకా నిలబడుతుంది. ఒక వాన తప్పితే ఒకటి పోతుంది, ఇంకోటి మిగులుతుంది. కంది వేరు లోతుకు పోయి అడుగు తడిని అందుకుంటుంది. దాని వేళ్ల బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని నేలకు అందిస్తాయి. రాలిన ఆకు అక్కడే మగ్గి ఎరువవుతుంది. జొన్న చొప్ప గొడ్లకు, గొడ్ల పెంట మళ్లీ చెలకకు. ఎండాకాలం చెరువు ఎండితే అందులోని ఒండ్రు మట్టి బండ్ల మీద పొలాలకెక్కేది. ఈ పద్ధతిని పర్యావరణం అని ఎవరూ పిలవలేదు. ఎవుసం అన్నారంతే.

ఈ వ్యవస్థలో నీళ్ల తాళంచెవి నీరడి చేతిలో ఉండేది. నీరడి అంటే చెరువు కాపలాదారు, తూము తెరిచి మూసే మనిషి, మడి మడికీ నీళ్లు పంచే మనిషి. మా దిక్కు ఊళ్లలో ఈ పని చేసింది ఎక్కువగా మాల, మాదిగ ఇండ్ల వాళ్లే. మా తాత చేసిన పనీ ఇదే. ఎన్ని వానలకు చెరువు ఎంత నిండుతుందో, ఆ నీళ్లు ఎన్ని మళ్లకు ఎన్ని తడులకు సాగుతాయో, కట్టలో ఎండ్రకాయ బొక్క ఎక్కడ పడిందో, రాత్రి ఎవరు గండి కొట్టి దొంగతనంగా నీళ్లు మలుపుకున్నారో నీరడికి తెలియాలి. నీళ్లు తక్కువైన యేడు అందరి భూమీ సాగు చెయ్యకుండా, ఎవరి భాగం ఎంతో లెక్కగట్టి కొంత మేరకే నాట్లు వేసే పద్ధతి ఉండేది. దామాషా అంటారు. దాన్ని మడి మీద అమలు చేసేవాడు నీరడే. ఇప్పుడు యూనివర్సిటీల్లో నీటి యాజమాన్యం అని కోర్సులు పెట్టి చెప్పే చదువు అది. కూలి మాత్రం కల్లం మీద ఇచ్చే మేర. గింజలు కొలిచి ఇచ్చేవాళ్లు, అదీ పంట ఇంటికి పోయే ముందు చివర్న.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ మధ్య ప్రకృతి వ్యవసాయం సభల్లో పాత ఊరిని స్వర్గంలా వర్ణించే పెద్దమనుషులు ఎక్కువయ్యారు. విషం లేని తిండి, గొడ్డు ఎరువు, మోట బావి, చిరుధాన్యాలు. అన్నీ నిజమే. కాని ఆ మోట తోలు కుట్టిందెవరు? చచ్చిన గొడ్డును ఈడ్చుకపోయిందెవరు? పెంటకుప్ప తవ్వి గంపలెత్తి చెలకలో పోసిందెవరు? దొర పొలానికి ఊరంతా తన పని విడిచి వెట్టికి పోవాల్సిన రోజుల్లో ఎవరి చెలక ఎండింది? తన చేత్తో తూము తెరిచి వరి పండించిన నీరడి ఇంట్లో వరి అన్నం పండుగకే ఉడికేది. మిగతా దినాలు గటుక, అంబలి. జొన్న గటుక బలమైన తిండే, కాదనను. కాని దాన్ని మా వాళ్లు ఎంచుకుని తినలేదు. ఆ నేల అంత బాగా నిలబడిందంటే దాని అడుగున కూలి లేని చాకిరి ఉంది. ఆ చాకిరిని తీసేసి ఒట్టి పద్ధతిని మాత్రమే మెచ్చుకోవడం నాకు చేతకాదు.

ఇప్పుడు దేశం సంగతి. 1965, 66ల్లో వరుసగా కరువులు. అమెరికా నుంచి పీఎల్-480 చట్టం కింద గోధుమల ఓడలు వస్తే తప్ప రేషన్ నడవని రోజులు. 1965లోనే భారత ఆహార సంస్థ, మనం ఎఫ్‌సీఐ అనేది, పుట్టింది. 1966లో ఫిలిప్పీన్స్ పరిశోధన కేంద్రం నుంచి ఐఆర్-8 వరి విత్తనం వచ్చింది. పొట్టి కర్ర, యూరియా వేసినా పడిపోదు, దిగుబడి ఎక్కువ. అది పండాలంటే మాత్రం కాలం తప్పని నీళ్లు కావాలి, మూట ఎరువు కావాలి, పురుగుమందు కావాలి. అంటే దేశం తిండి భద్రతకు ఎంచుకున్న తోవకు కాలువ కింది నేల కావాలి.

ఆ కాలువ మన దగ్గరికి పోచంపాడు నుంచి వచ్చింది. 1963 జూలై 26న నెహ్రూ పునాది రాయి వేశారు. తర్వాత శ్రీరాంసాగర్ అయింది. కాకతీయ కాలువ కోరుట్ల, జగిత్యాల, మల్యాల దిక్కుల మీదుగా దిగువ మానేరు దాకా పోయింది. నీళ్లు పారిన చోట చెలక మడి అయింది. రెండు పంటలు వచ్చాయి. వరి కూలి పెరిగింది, నాట్లకు, కోతలకు మా ఆడవాళ్లకు పని దినాలు పెరిగాయి. ఇది చిన్న విషయం కాదు. అయితే కాలువ నీటికి నీరడి అక్కరలేదు. దానికి గేటు, ఇంజనీరు, లష్కర్ చాలు. చెరువులను పట్టించుకునేవాళ్లు తగ్గారు. శిఖం భూముల్లోకి పట్టాలు పాకాయి.

స్కూలు పుస్తకాల్లో హరిత విప్లవం ఒక పాఠం, రైతాంగ పోరాటాలు ఇంకో పాఠం. ఒకటి వ్యవసాయం కింద, ఒకటి రాజకీయాల కింద. మన దగ్గర ఈ రెండూ ఒకే నేల మీద, ఒకే దశాబ్దంలో జరిగాయి. కాలువ నీళ్లతో భూమి విలువ పెరుగుతున్న ఆ 1970ల్లోనే వెట్టి వద్దని, కూలి పెంచాలని, దొరలు ఆక్రమించిన బంచరాయి పేదలకు ఇవ్వాలని కూలీలు సంఘం కట్టారు. 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర. వేల మంది. అందులో దళిత కూలీలు ఎందరో. మరుసటి నెల, అక్టోబరులో, జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. దేశానికి బియ్యం కావాలి, ఆ బియ్యం పండించే చేతులు భూమి అడిగితే మాత్రం పోలీసు క్యాంపు.

ఆ తర్వాత ఏమైందో చాలామందికి తెలియదు. కొన్ని ఊళ్లలో దొరలు పట్నం పోయారు. ఎర్రజెండా పాతిన భూములు ఏండ్ల తరబడి పడావు పడ్డాయి. సాగు చేద్దామంటే పోలీసు, అమ్ముదామంటే సంఘం. చట్టప్రకారం మా వాళ్లకు అందింది లావణి పట్టాలు. ఆ భూములు ఎక్కడున్నాయో వెళ్లి చూడండి. చాలాచోట్ల గుట్ట వారన, రాళ్లల్లో ఉంటాయి. కాలువ నీళ్లు వాలు మీద నడుస్తాయి, గట్టు మీదికి ఎక్కవు. పంచిన భూమి ఏమో గట్టు మీదే ఉంది. కాలువ గీత గీసిన ఇంజనీరు కులం చూసి గీశాడని నేను అనను. ఆ గీత కింద ఎవరి భూములున్నాయి, పైన ఎవరివి మిగిలాయి అన్నది మాత్రం అంతకుముందే కులం తేల్చి పెట్టింది.

అంబేడ్కర్‌ను చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు రెండు రచనలు పక్కపక్కన పెట్టుకుని చూడండి. 1918లో చిన్న కమతాల మీద రాసిన వ్యాసంలో ఆయన అన్నదేమిటంటే, కమతం చిన్నది కావడమే జబ్బు కాదు, ఆ కమతానికి తగ్గ పెట్టుబడి, పనిముట్లు లేకపోవడం అసలు జబ్బు. 1947 నాటి 'రాష్ట్రాలు–మైనారిటీలు'లో ఇంకా ముందుకు పోయారు. వ్యవసాయం రాజ్యం చేతిలోని పరిశ్రమ కావాలి, భూమిని కులమతాల తేడా లేకుండా ఊరి వాళ్లకు ఉమ్మడి సాగుకు ఇవ్వాలి, దొర, కౌలుదారు, భూమి లేని కూలీ అనే తేడాలే ఉండకూడదు. నీళ్లు, పశువులు, పనిముట్లు, ఎరువు, విత్తనం రాజ్యమే సమకూర్చాలి అన్నారు. దేశం ఇందులో నీళ్లు, ఎరువు, విత్తనం తీసుకుంది. భూమి మాట వదిలేసింది.

వదిలేసిన దానికి బదులుగా వచ్చింది రేషన్ బియ్యం. 1983లో ఎన్టీఆర్ సర్కారు కిలో రెండు రూపాయల బియ్యం మొదలుపెట్టింది. దీన్ని ఓట్ల పథకమని ఎగతాళి చేసేవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లెవరూ ఆషాఢంలో గింజల కోసం దొర ఇంటి ముందు చెయ్యి చాపి, ఆ అప్పుకు యేడాది జీతముండలేదు. ఇంట్లో ఒక బస్తా బియ్యం ఉంటే కూలీ "రాను" అనగలుగుతాడు. మా వాడకు రెండు రూపాయల బియ్యం తెచ్చిన మొదటి మార్పు ఇదే. 2013 ఆహార భద్రతా చట్టం దాన్ని హక్కుగా రాసింది. ఆ చట్టం వచ్చినప్పుడు అందులో చిరుధాన్యాలు కిలో రూపాయికి ఇవ్వాలని కూడా ఉండేది. మన రేషన్ దుకాణంలో జొన్న తూకం వేయడం మీరెప్పుడైనా చూశారా? 2025 ఉగాది నుంచి సన్నబియ్యం ఇస్తున్నారు, మంచిదే. కాని కంచం ఇంకా తెల్లగానే ఉంది.

తెల్లగా ఎందుకయింది? పప్పు, కూర, చేప ఎటుపోయాయి? ఇది ఏ లెక్కలోకీ ఎక్కని చరిత్ర, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను. మా అమ్మ తరం ఆడవాళ్లు కైకిలికి పోతే రెండు కూలీలతో ఇంటికొచ్చేవాళ్లు. ఒకటి పటేలు ఇచ్చేది. రెండోది ఒడిలో. కలుపు తీస్తూ తీస్తూ అందులోంచి తుమ్మికూర, గునుగుకూర, పొన్నగంటికూర, గంగవాయిలికూర ఏరి కొంగున కట్టుకొచ్చేవాళ్లు. పటేలుకు అది కలుపు, మాకు కూర. మడిలో ఎండ్రకాయలు, నత్తలు, కాలువల్లో చిన్న చేపలు. కోతలయ్యాక పరిగె ఏరుకోవడం ఉండేది. ఎలుక బొక్క తవ్వితే అది దాచుకున్న వడ్లు కూడా దొరికేవి. చెలక గట్టు మీద కందికాయ, అనుపకాయ. ఐరన్, కాల్షియం, మాంసకృత్తులు అని ఇప్పుడు అంగన్‌వాడీ గోడల మీద రాసే మాటలన్నీ ఆ ఒడిలో ఉండేవి.

గడ్డిమందు వచ్చింది. కలుపు కూలి పోయింది, దాంతోపాటే కూర కూడా పోయింది. పురుగుమందుకు మడిలోని చేప, నత్త పోయాయి. హార్వెస్టర్ వచ్చాక కోత కూలి పోయింది, పరిగె పోయింది, మిగిలిన కొయ్యకాళ్లకు నిప్పు పెడుతున్నారు. చెలక మడి అయినచోట కంది సాలు పోయింది. భూమి ఉన్న రైతుకు ఈ మార్పులో నష్టం ఉంది, లాభం కూడా ఉంది. భూమి లేని ఇంటికి మాత్రం పొలం నుంచి వచ్చే తిండి దారులు ఒకటొకటిగా మూసుకుపోయి చివరికి రేషన్ దుకాణం ఒక్కటే మిగిలింది. దిగుబడి లెక్కలో ఇదంతా కనబడదు. ఎకరానికి ఎన్ని క్వింటాళ్లు అని అడుగుతారు గాని, ఎకరంలో ఎన్ని రకాల తిండి అని ఎవరడుగుతారు?

నేల వైపు నుంచి కూడా ఈ లెక్క గట్టిది కాదు. జగిత్యాల పక్కన పొలాస పరిశోధన స్థానం ఉంది. మనకు జగిత్యాల సన్నాలు ఇచ్చింది వాళ్లే. ఆ రకం గొప్పతనమల్లా ఉల్లికోడును తట్టుకోవడం. ఉల్లికోడు అంటే దోమంత పురుగు. దాని పిల్ల పిలకలో చేరితే ఆ పిలక ఉల్లికాడలా గొట్టమవుతుంది, కంకి రాదు. ఈ పురుగు మన దిక్కు ఎంత పాతుకుపోయిందంటే, దేశంలో ఉన్న ఉల్లికోడు రకాల్లో మూడో బయోటైపుకు జగిత్యాల చిరునామా అయింది. ఒక చోట ఒక రకం విత్తనం తట్టుకుంటుంది, ఇంకో చోట అదే విత్తనం లొంగిపోతుంది, ఎందుకంటే పురుగు వేరు. యేడాదికి రెండు పంటలు వరే, ఊరు పక్క ఊరు వరే అయితే పురుగుకు తిండి తెగదు. విత్తనం మారితే అదీ మారుతుంది. పొలాస శాస్త్రవేత్తలు కష్టపడి మళ్లీ కొత్త రకం తెస్తారు. వాళ్ల పనిని నేను తక్కువ చేయను. కాని దేశం అన్నం ఒక్క పంట మీద, ఎప్పటికప్పుడు పురుగు కంటే ఒక అడుగు ముందుండాల్సిన విత్తనం మీద ఆధారపడి ఉందని గోదాము ముందు నిలబడి మురిసేవాళ్లకు గుర్తు చేయాలి.

ఒండ్రు సంగతి కూడా. శ్రీరాంసాగర్ కట్టినప్పుడు నిల్వ 112 టీఎంసీలు. పూడిక నిండి ఇప్పుడు 80 దగ్గరికొచ్చింది. ఒకప్పుడు చెరువులో ఆగి బండ్ల మీద పొలానికెక్కిన మట్టి లాంటిదే ఇదీ, డ్యామ్ అడుగున పడుకుని ఉంది. ఎవరూ ఎత్తలేరు. 2015 మార్చిలో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీశారు, ఆ మట్టిని పొలాలకు తోలుకొమ్మన్నారు. మంచి పని. కాని మట్టి ఊరికే ఇచ్చినా ట్రాక్టర్ కిరాయి ఎవరిది? చెరువు కింద భూమి, చేతిలో కిరాయి పైసలు ఉన్నవాళ్ల పొలాలకే ఆ మట్టి ఎక్కువ చేరింది. నీరడి కుటుంబాలు కట్ట మీద నిలబడి చూశాయి. నీరడులు, మస్కూరీలు, కావలికార్లు మొత్తం కాలక్రమంలో వీఆర్ఏలయ్యారు. 2023లో వాళ్లను రకరకాల శాఖల్లో సర్దినప్పుడు కొందరిని నీటిపారుదల శాఖకు లష్కర్లుగా పంపారు. తాత తూము దగ్గరికి మనుమడు ఉద్యోగిగా చేరడానికి ఇన్నేండ్లు పట్టింది. నాకైతే ఆ వార్త చదివిన రోజు సంతోషమే అయింది.

2021 చివర్న ఏం జరిగిందో మీ అందరికీ గుర్తే. ఉప్పుడు బియ్యం ఇక తీసుకోమని కేంద్రం అంటే, యాసంగిలో వరి వేయొద్దని రాష్ట్రం చెప్పింది. యాసంగి ఎండకు మన వడ్లు పచ్చి బియ్యంగా ఆడిస్తే నూకవుతాయి, అందుకే ఉప్పుడు చేస్తారు. అర్ధ శతాబ్దం వరి వేయమన్న దేశం ఒక్క సీజన్‌లో చాలంది. వరి మాని ఏం వేయాలి? కంది వేస్తే ప్రతి ఊళ్లో వడ్లకున్నట్టు కొనుగోలు కేంద్రం ఉంటుందా? పైగా ఆ నిర్ణయం ఎవరిది? సాగు చేసేది కౌలుదారు. మా వాడలో భూమి దున్నేవాళ్లలో ఎక్కువమంది నోటిమాట మీద యేడాదికింత అని కౌలుకు తీసుకున్నవాళ్లే. 2018 మే 10న హుజూరాబాద్ దగ్గర మొదలైన రైతుబంధు ఎకరానికి నాలుగు వేలు పట్టాదారుకే ఇచ్చింది, కౌలుదారుకు లేదు. వచ్చే యేడు ఈ పొలం తన చేతిలో ఉంటుందో లేదో తెలియని మనిషి ఈ యేడు పెంట తోలి, పప్పు పంటతో నేల బాగు చేస్తాడని ఎట్లా ఆశిస్తాం? అతను యూరియా వేస్తాడు, వరి వేస్తాడు, కేంద్రంలో అమ్మి కౌలు కడతాడు. నేల చెడిపోవడానికి రైతుకు అవగాహన లేకపోవడమే కారణమని ఉపన్యసించే అధికారులు ఒక్కసారి కౌలు కాగితం ఎక్కడుందో అడగాలి.

ఇది మారదా అంటే, ఒక చోట మారింది. మనకు దూరంగా, జహీరాబాద్ దిక్కు పస్తాపూర్‌లో, దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలు. వాళ్లలో ఎక్కువమంది దళిత ఆడవాళ్లు, బీద కుటుంబాలు. 1980ల నుంచి పని చేస్తున్నారు. పడావు భూముల్ని బాగు చేశారు, కౌలుకు తీసుకుని కలిసి సాగు చేశారు, ఒకే చేనులో జొన్న, కొర్ర, కంది, అనుము కలిపి వేశారు, విత్తనాలు తమ ఇండ్లలోనే దాచుకున్నారు. 1990ల మధ్యలో తమ ఊళ్లలో పండిన జొన్నలతో తమదే రేషన్ నడిపారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. అక్కడ కాలువ లేదు, వాన మీద బతికే నేల, కాబట్టి అదే పద్ధతి మన ఆయకట్టులో యథాతథంగా నడవదు. కాని చేనులో ఏం వేయాలి, ఇంట్లో ఏం వండాలి అని తేల్చింది భూమి దున్నే ఆడవాళ్లు. తేడా అక్కడుంది.

ఆ తమ్ముడి ప్రశ్నకు నా జవాబు ఇదీ. దీని మీద మీ వాదన మీరు రాయండి.

ఒక పని కూడా చెబుతాను. ఈ సెలవుల్లో మీ ఊరికి పోయినప్పుడు నీరడి ఇల్లు ఏదో కనుక్కోండి. ముసలాయన ఉంటే ఆయన చేత చెరువు తూములు, కాలువలు, ఏ మడికి ఎన్ని తడులో చెప్పించి ఫోన్‌లో రికార్డు చేయండి. ముసలమ్మలను అడిగి ఒక్క చెలకలో ఎన్ని కూరలు దొరికేవో పేర్లు రాసుకోండి. లావణి భూములు కాలువకు ఎగువన ఉన్నాయా దిగువన ఉన్నాయా చూసి ఊరి పటం మీద గీయండి. నాకు పంపితే అన్నీ ఒకచోట పెడదాం.

వచ్చే భాగం మెట్‌పల్లి పక్కన ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ గురించి. 2015 డిసెంబరులో అది మూతపడ్డాక ఆ చెరుకు నేలలు, ఆ చెరుకు కొట్టిన చేతులు ఎటుపోయాయో చూద్దాం.